మోటర్‌హోమ్ నడపడం నేర్చుకుంటున్నాను: మొదటి ఆరు వారాల నమోదు

మోటర్‌హోమ్ అంటే లోపలే వంట, పడక ఉండే ఇల్లులాంటి బండి. మొదటి వారం దానిని కదిలించలేదు, కొలిచాను. పొడవు 9.5 మీటర్లు, అద్దాలు కాక వెడల్పు 2.5 మీటర్లు. ఎత్తు పత్రాలలో 3.28 మీటర్లని ఉంది గాని, నిచ్చెన వేసుకుని టేపుతో కొలిస్తే 3.40 వచ్చింది, పైకప్పు మీది ఏసీ తరువాత ఎవరో బిగించినది కావడమే ఆ తేడాకు కారణం. తక్కువ ఎత్తు వంతెన ఎదురైనప్పుడు ఆ 12 సెంటీమీటర్లే సమస్తమూ కాబట్టి, సరైన అంకెను లావుపాటి అక్షరాలతో రాసి స్టీరింగ్‌కు ఎదురుగా అంటించాను. టైర్ల వయసు కూడా అప్పుడే చూశాను. టైరు పక్కభాగం మీది తయారీ సంకేతం చివర ఉండే నాలుగంకెలలో మొదటి రెండూ వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదన్నమాట. వెనుక జంట టైర్లలో లోపలిదానికి గాలి పోయినా బయటిది బరువు మోస్తూ ఉంటుంది కనుక, కంటితో చూసి సరిపెట్టుకోకుండా, బండి నడపకముందే, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు గేజీ పెట్టి చూడాలి.

రెండవ వారం ఖాళీ మైదానంలో గడిచింది. చాలా ఏళ్ళు బస్సు నడిపిన మా మామయ్య పక్కన కూర్చున్నారు. నేను ముందు అద్దంలోంచి రోడ్డును చూసినంతసేపూ ఆయన అడిగింది ఒక్కటే: “ముక్కు సంగతి వదిలెయ్, తోక ఎక్కడుందో చెప్పు.”

ఈ బండిలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 5.3 మీటర్లు. వెనుక ఇరుసు దాటిన తరువాత ఇంకా 3 మీటర్ల శరీరం వేలాడుతూ ఉంటుంది. బండి మలుపు తిరిగేటప్పుడు వెనుక ఇరుసు తిరుగుడు కీలులా పనిచేయడం వలన, ముందుభాగం ఒకవైపు తిరుగుతుంటే ఆ మూడు మీటర్ల తోక రెండవ వైపుకు విసురుతుంది. ఇది పుస్తకంలో చదివినప్పుడు అర్థమైందనే అనుకున్నాను. మామయ్య బండి పక్కనే నేల మీద సుద్దపొడితో తిన్నని గీత గీసి, వెనుక మూలకు అరమీటరు దూరంలో ఒక కోను నిలబెట్టి, దాని మీద సగం నిండిన నీళ్ళ సీసా పెట్టారు. నేను స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి నడక వేగంతో కదిలాను. ముందు ఏ అడ్డమూ లేదు, బండి హాయిగా తిరుగుతోంది. నా చూపు తిరుగుతున్న వైపే ఉంది. సీసా పడిన చప్పుడు కూడా నాకు వినిపించలేదు. దిగి చూస్తే బంపరు మూల మీద నీళ్ళ చారిక ఉంది. టేపు పెట్టి కొలిస్తే తోక గీత దాటి 57 సెంటీమీటర్లు వచ్చింది. గోడ పక్కన ఆపిన బండిని బయటికి తీసేటప్పుడు ముందు తిన్నగా కొంత దూరం పోనిచ్చి, ఆ తరువాతే కొద్దికొద్దిగా తిప్పాలని ఆ సీసా నేర్పింది.

మలుపు లోపలివైపు కథ దీనికి తలకిందులు. వెనుక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, మూలను కోసుకుంటూ వస్తాయి. ఇరుకైన మలుపులో ఆ తేడా నాకు మీటరున్నర దాకా కనిపించింది. పైగా డ్రైవరు కుర్చీ ముందు ఇరుసు కంటే ముందుంది. అందువలన నేను మలుపు దాటిపోయానని భయపడే చోటే నిజానికి స్టీరింగ్ తిప్పవలసిన చోటు. నలభై సార్లు తిరిగినా ఆ భయం పూర్తిగా పోలేదు.

మూడవ వారం ఖాళీ రోడ్డెక్కాను. ముందుకు చూసి రోడ్డు మీది నా వరుస (లేన్) మధ్యలో ఉంచాలనుకుంటే బండి ఒక పక్కకు జరిగిపోతోంది. రెండు అద్దాలలోనూ వెనుక చక్రాలకూ వరుస గీతలకూ మధ్య ఖాళీ సమానంగా ఉందో లేదో చూసుకోవడం మొదలుపెట్టాక కుదిరింది. కింది కుంభాకార అద్దంలో వస్తువులు చిన్నవిగా కనిపించి, ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. దూరం అంచనాకు పైనున్న చదును అద్దాన్నే నమ్ముతున్నాను.

నాలుగవ వారం స్టీరింగ్ అకారణంగా తేలికగా అనిపించింది. కారణం నీళ్ళు. వెనుక ఇరుసుకు 2 మీటర్ల అవతల ఉన్న తొట్టెలో 300 లీటర్లు, అంటే 300 కిలోలు నింపాను. తక్కెడ లెక్కన అది వెనుక ఇరుసు మీద 413 కిలోలై, ముందు ఇరుసు మీది భారాన్ని 113 కిలోలు తగ్గించింది. ఇప్పుడు అవసరమైనంతే నింపుతున్నాను. అదే వారం దిగుడులో నడిపాను. దిగుడు మొదలుకాకముందే తక్కువ గేరులోకి మార్చుకోవాలి. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా, గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. అదేపనిగా నొక్కి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ముందు వాహనానికి ఆరు సెకన్ల దూరం పాటిస్తున్నాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 133 మీటర్లు. ఆ ఖాళీలో ఎవరో ఒకరు దూరుతూనే ఉంటారు, మళ్ళీ వెనక్కి తగ్గవలసిందే.

ఐదవ వారం మొదటి మలుపులోనే గిన్నెల సొరుగు తెరుచుకుని, మామయ్య కాఫీ ఫ్లాస్కు నేలపాలైంది. ఆయన ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటినుంచి బయలుదేరే ముందు సొరుగుల గడియలు, గ్యాసు వాల్వు, పైకప్పు కిటికీలు, బయటి మెట్టు, కరెంటు తీగ, ఆపినప్పుడు బండి ఊగకుండా కింద ఆనించిన జాకీలు చూస్తూ ప్రతిసారీ ఒకే వరుసలో చుట్టూ తిరుగుతున్నాను. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటినుంచి.

ఆరవ వారం వెనక్కి నడపడం. వెనుక నిలబడే మామయ్యతో ముందే చేతి సైగలు కుదుర్చుకున్నాను: రెండు చేతులూ అడ్డంగా పెడితే ఆపాలి, అద్దంలో ఆయన కనిపించకపోయినా ఆపాలి. డ్రైవరు వైపుకు తిప్పుతూ వెనక్కి రావడం పది ప్రయత్నాలలో ఏడుసార్లు కుదిరింది, ఎందుకంటే తోక నాకు నేరుగా కనిపిస్తుంది. రెండవ వైపు ఇంకా చేతకాలేదు. నిన్న ఒక్క జాగాలో పెట్టడానికి ఐదుసార్లు దిగి చూసి వచ్చాను. వచ్చే వారమంతా ఆ వైపే, అదే కోనూ, అదే సీసా.