లిబ్రేఆఫీస్ రైటర్ నేర్చుకుంటున్నాను: ఇప్పటిదాకా ఎంతవరకు వచ్చానంటే

చేత్తో రాసి పెట్టుకున్న నా వ్యాసాలను ఒక చిన్న పుస్తకంగా నేనే పేజీలు కట్టుకోవాలని చాలాకాలంగా కోరిక. అందుకు లిబ్రేఆఫీస్ రైటర్ అనే, రాసుకుని పేజీలు కట్టుకునే ప్రోగ్రామ్ ఎంచుకున్నాను. ఉచితంగా దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. 2010లో ఓపెన్ఆఫీస్ అనే పాత ప్రోగ్రామ్ నుంచి విడిపోయి వచ్చింది కాబట్టి అది వాడినవాళ్ళకు మెనూలు కొత్తగా అనిపించవు. టైపింగ్ నాకు ముందే వచ్చు. ఈ ప్రోగ్రామ్‌లో ఏది ఎక్కడుంది, అక్కడే ఎందుకుంది అన్నది తెలుసుకోవడమే అసలు పని. నాలాగే మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుందని రాసి పెడుతున్నాను.

తెర సర్దుకోవడం

వ్యూ మెనూలో యూజర్ ఇంటర్ఫేస్ అని ఉంటుంది. అక్కడ స్టాండర్డ్ టూల్‌బార్, ట్యాబ్డ్, సింగిల్ టూల్‌బార్, సైడ్‌బార్ లాంటి రూపాలు కనిపిస్తాయి. అన్నీ తిప్పి చూసి స్టాండర్డ్ దగ్గరే ఆగాను. సహాయ పేజీలు, వీడియోలు ఎక్కువగా ‘ఇన్సర్ట్‌లోకి వెళ్ళు, ఫార్మాట్‌లోకి వెళ్ళు’ అని మెనూ దారి చెబుతాయి. నేర్చుకునే దశలో ఆ మెనూలు కళ్ళముందు ఉండాల్సిందే.

తర్వాత కంట్రోల్ + ఎఫ్10. దీంతో స్పేస్ ఉన్నచోట చుక్క, ట్యాబ్ ఉన్నచోట బాణం, ఎంటర్ కొట్టినచోట పేరా గుర్తు కనిపిస్తాయి. చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది కానీ నేను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతున్నాను. పేజీలో ఖాళీ ఎందుకొచ్చిందో ఊహించాల్సిన పని లేదు, కనిపిస్తూనే ఉంటుంది.

కింది పట్టీని కూడా చిన్నచూపు చూడకండి. పేజీ నంబరు, పదాల లెక్క, పేజీ స్టైల్ పేరు, భాష, జూమ్ అన్నీ అక్కడే. పదాల లెక్క మీద నొక్కితే అక్షరాల లెక్క కూడా వస్తుంది.

తెలుగుకు వేరే గది

ఇది ముందే తెలిస్తే బోలెడు టెన్షన్ తగ్గుతుంది. రైటర్ లిపులను మూడు గుంపులుగా చూస్తుంది: పాశ్చాత్య, తూర్పు ఆసియా, కాంప్లెక్స్. తెలుగు మూడో గుంపులోది. అక్షరాలు కలిసి రూపం మార్చుకునే లిపులన్నీ ఆ గుంపులోనే ఉంటాయి. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్ళి కాంప్లెక్స్ టెక్స్ట్ దగ్గర టిక్ పెట్టి తెలుగు ఎంచుకోవాలి.

ఆ తర్వాత స్టైల్ (ఫాంట్, సైజు, ఎడం లాంటివన్నీ ఒకే పేరు కింద కట్టిన మూట, వివరం కింద వస్తుంది) డైలాగ్‌లో ఫాంట్ ట్యాబ్ తెరిస్తే ఇంగ్లీషుకు ఒక ఫాంట్, ఒక సైజు, కాంప్లెక్స్ లిపికి ఇంకో ఫాంట్, ఇంకో సైజు విడివిడిగా కనిపిస్తాయి. ఇంగ్లీషుదానిలో సైజు 16 చేసి ఓకే కొడితే తెలుగు అక్షరం కదలదు. అది తన గదిలో తన సైజులోనే ఉంటుంది. మొదట్లో చిరాకు పుట్టించే ఏర్పాటే, కానీ అసలు సుఖమంతా ఇందులోనే ఉంది. నా వ్యాసాల్లో అక్కడక్కడా ఇంగ్లీషు పేర్లు వస్తాయి. తెలుగుకు మండలి ఫాంట్ 13, ఇంగ్లీషుకు 11 పెట్టుకున్నాను. రెండూ ఒకే వరుసలో ఒకే ఎత్తులో ఒదిగిపోతున్నాయి. ఏ పదాన్నీ విడిగా సెలెక్ట్ చేయనక్కర్లేదు.

వరుసల మధ్య దూరం కూడా తెలుగుకు వేరే లెక్క. ఫిక్స్‌డ్ అని పెట్టి దూరం తక్కువ ఇస్తే పై వరుసలోని ‘రాష్ట్రం’ వత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతాయి. ‘ఎట్ లీస్ట్’ అని ఎంచుకుంటే కనీస దూరం అలాగే ఉంటుంది, అక్షరానికి చోటు కావాల్సి వస్తే రైటర్ పెంచుకుంటుంది.

కీబోర్డు దగ్గర తెలుసుకున్నవి రెండు. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒకే అక్షరం కానీ కంప్యూటర్ లోపల ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. దాని వెనక కర్సర్ ఉంచి బ్యాక్‌స్పేస్ కొడితే ముందు దీర్ఘం మాత్రమే పోయి ‘స్త్ర’ మిగులుతుంది. దాని ముందు కర్సర్ ఉంచి డిలీట్ కొడితే అక్షరం మొత్తం పోతుంది. గుణింతం దిద్దడానికి బ్యాక్‌స్పేస్, అక్షరం తీసేయడానికి డిలీట్. ఇది వేళ్ళకు అలవాటైతే దిద్దుబాటు పని చాలా తేలికవుతుంది.

రెండోది, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు పొల్లుగానే నిలబడడం. మామూలుగా కొడితే ‘వే’ వచ్చి ముందున్న అక్షరానికి వత్తుగా చేరిపోతుంది. మీ కీబోర్డులో దానికి కీ లేకపోతే పొల్లు తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో యు, ప్లస్ గుర్తు, 200సి అని కొట్టి ఆల్ట్ + ఎక్స్ నొక్కండి. ఆ కోడ్ మాయమై, కంటికి కనిపించని విడదీసే గుర్తు అక్కడ కూర్చుంటుంది. ప్రతిసారీ ఇదే తతంగం కాకుండా, తరచు వచ్చే అలాంటి మాటలను టూల్స్‌లోని ఆటోకరెక్ట్ పట్టికలో ఎక్కించి పెట్టుకుంటున్నాను.

స్టైల్స్: ఇంటర్ఫేస్ గుండెకాయ

ఎఫ్11 నొక్కితే కుడివైపు స్టైల్స్ ప్యానెల్ తెరుచుకుంటుంది. నా అనుభవంలో రైటర్ నేర్చుకోవడమంటే ముప్పావు వంతు ఈ ప్యానెల్ నేర్చుకోవడమే. టూల్‌బార్ మీది బోల్డ్, సైజు, రంగు బొత్తాలు సెలెక్ట్ చేసిన ఆ ముక్కకే పని చేస్తాయి. ఈ ప్యానెల్‌లో ఒక్కచోట మారిస్తే పుస్తకమంతా మారుతుంది.

కంట్రోల్ + 1 కొడితే ఆ పేరా పెద్ద శీర్షిక, కంట్రోల్ + 2 కొడితే ఉపశీర్షిక, కంట్రోల్ + 0 కొడితే మామూలు పాఠం. స్టైల్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ స్టైల్ అంటే దాని ఫాంట్, ఎడం, అంచులు అన్నీ ఒకే డైలాగ్‌లో దొరుకుతాయి. శీర్షిక కింద ఖాళీ కోసం ఎంటర్లు కొట్టనక్కర్లేదు, స్టైల్‌లోనే ‘పేరా కింద 6 మిల్లీమీటర్లు’ అని చెప్పేయొచ్చు. పద్యపాదాల కోసం ఎడమ అంచు జరిపిన స్టైల్ ఒకటి సొంతంగా తయారుచేసుకున్నాను.

ఈ తేడాను లోపలికి దిగి చూడాలనిపించింది. రైటర్ దాచే ఓడీటీ ఫైలు నిజానికి ఒక జిప్ మూట, అంటే చాలా ఫైళ్ళను కుదించి ఒకటిగా కట్టింది. నకలు తీసి ఫైలు పేరులో చుక్క తర్వాతి చివరి మాటను జిప్ అని మారిస్తే తెరుచుకుంటుంది. లోపల పాఠానికి ఒక ఫైలు, స్టైల్స్‌కు వేరే ఫైలు ఉన్నాయి. స్టైల్‌తో పెట్టిన శీర్షిక దగ్గర ఆ స్టైల్ పేరు మాత్రమే ఉంది. టూల్‌బార్‌తో లావు చేసిన చోట్ల పి1, పి2, టి1 అంటూ రైటర్ తనంతట తానే పేర్లు పుట్టించుకుంది. పేజీలో రెండూ ఒకేలా కనిపిస్తున్నా, ఒకదానికి పేరూ ఊరూ ఉంది, రెండోది అనామకం. దీన్ని కళ్ళారా చూశాక ఇక బోల్డ్ బొత్తం వైపు చెయ్యి పోవడం లేదు.

ఇంకోచోటి నుంచి తెచ్చుకున్న పాఠం ఇలాంటి అనామకాలతో నిండి ఉంటుంది. దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ + ఎం కొడితే పైపూతలన్నీ గంపగుత్తగా పోయి స్టైల్ ఒక్కటే మిగులుతుంది. అతికించేటప్పుడే కంట్రోల్ + ఆల్ట్ + షిఫ్ట్ + వి వాడితే ఆ బెడద మొదట్లోనే ఉండదు. 7.6 వెర్షన్ నుంచి ప్యానెల్ అడుగున స్పాట్‌లైట్ అనే టిక్ వచ్చింది. అది పెడితే ఏ పేరా ఏ స్టైల్‌లో ఉందో రంగులతో అంచున చూపిస్తుంది. పాత ఫైళ్ళను శుభ్రం చేసేవాళ్ళకు ఇది నిజంగా వరం.

పేజీలకూ స్టైల్స్ ఉంటాయి

అదే ప్యానెల్ పైన పేజీ బొమ్మ నొక్కితే పేజీ స్టైల్స్ వస్తాయి. నా పుస్తకం ఏ5, అంటే 148 × 210 మిల్లీమీటర్లు. ఎదురెదురు పేజీలకు లోపలి అంచు ఎక్కువ ఉండాలి కాబట్టి లేఅవుట్ దగ్గర మిర్రర్డ్ ఎంచుకున్నాను.

మొదటి పేజీకి నంబరు వద్దు, మిగతా వాటికి కావాలి. దీనికి ఫస్ట్ పేజ్ అనే స్టైల్ సిద్ధంగా ఉంది. దాని తర్వాతి స్టైల్ ఏదన్నది దాని లోపలే రాసి ఉంటుంది, కాబట్టి పేజీ నిండగానే రైటర్ తనే మామూలు స్టైల్‌కు మారిపోతుంది. నడి మధ్యలో మార్చాలంటే ఇన్సర్ట్‌లో మోర్ బ్రేక్స్, మాన్యువల్ బ్రేక్. కొత్త స్టైల్, కొత్త పేజీ నంబరు రెండూ అక్కడే అడుగుతుంది. ఉత్త కంట్రోల్ + ఎంటర్ కొడితే పేజీ తెగుతుంది కానీ ఆ ప్రశ్నలు అడగదు.

చిన్నా చితకా

ఎఫ్5తో శీర్షికల జాబితా చూపే నావిగేటర్ వస్తుంది. శీర్షికలన్నీ స్టైల్స్‌తో పెట్టి ఉంటే, అందులో ఒక శీర్షికను పట్టుకుని పైకి లాగితే దాని కింది పాఠమంతా వెంట వెళ్తుంది. వ్యాసాల వరస మార్చడం ఇంత సులువని అనుకోలేదు.

వెతికి మార్చే కంట్రోల్ + హెచ్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (గుర్తులతో వెతికే పద్ధతి) టిక్ పెట్టి, వెతికే గడిలో ఖాళీ పేరాకు గుర్తైన ^$ అని రాసి, రెండో గడి ఖాళీగా వదిలి రీప్లేస్ ఆల్ కొడితే ఖాళీ పేరాలన్నీ పోతాయి.

తెలుగు స్పెల్‌చెక్ మాత్రం అంతంతమాత్రమే. సంధులు, విభక్తులు కలిసిన సరైన మాటల కింద కూడా ఎర్ర గీతలు పడుతున్నాయి. కళ్ళతో దిద్దుకోవడమే నయం.

విషయసూచిక, పీడీఎఫ్, బ్రోషర్ పద్ధతిలో ప్రింటు ఇంకా మిగిలున్నాయి. ప్రింటుకు ఫైలు వేరే కంప్యూటర్‌కు వెళ్ళాలి, అక్కడ మండలి ఫాంట్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఫైల్, ప్రాపర్టీస్‌లో ఫాంట్ ట్యాబ్ దగ్గర ఫాంట్లను డాక్యుమెంట్‌లోనే పొదిగే టిక్ ఉంది. అది పెట్టేశాను. ఈ వారాంతం విషయసూచిక మొదలుపెడతాను.