మదమెక్కిన కుర్ర ఏనుగును అణిచేది పెద్ద ఏనుగే

పన్నెండు, పదిహేనేళ్ళ వయసులో మగ ఏనుగు తల్లి గుంపును వదిలేస్తుంది. ఇక అది ఒంటరిదే అనుకుంటారు చాలామంది. పెద్ద ఆడ ఏనుగు వెంట నడిచే గుంపుల గురించి రాసినంతగా మగవాటి మధ్య చెల్లే పెద్దరికం గురించి రాయరు. అది అర్థం కావాలంటే ముందు మదం సంగతి తెలియాలి.

ఆడ ఏనుగు ఎదలో, అంటే జతకు సిద్ధంగా, ఉండేది కొద్ది రోజులే. చూలు నిలిస్తే 22 నెలల మోత, ఆపైన ఏళ్ళ తరబడి పాలివ్వడం. మళ్ళీ కాన్పుకు నాలుగైదేళ్ళు పడుతుంది. ఆ కొద్ది రోజుల్లో దాన్ని వెతికి పట్టుకోవాలంటే మగది మేత తగ్గించుకుని దూరాలు తిరగాలి, అడ్డొచ్చిన వాటితో తలపడాలి. అందుకే మదం. అది వచ్చినప్పుడు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను ఎన్నో రెట్లు పెరుగుతుంది. మదంలో లేని ఏనుగు ఎంత భారీదైనా, మదంలో ఉన్నదానికి సాధారణంగా దారి ఇచ్చేస్తుంది.

గుర్తుపట్టడంలోనే చాలామంది పొరబడతారు. కంటికీ చెవికీ నడుమ ఉన్న గ్రంథి ఉబ్బి, చిక్కటి ద్రవం చెంప మీదుగా కారడం ఆసియా మగ ఏనుగులో మంచి ఆనవాలే. ఆఫ్రికా ఏనుగులో ఇదొక్కటీ చాలదు. ఉద్రేకపడితే అక్కడ ఆడవాటి కణతలూ కారుతాయి, కాకపోతే పల్చగా. అక్కడ వెనక కాళ్ళు చూడాలి. మూత్రం చుక్కలు చుక్కలుగా ఆగకుండా పడుతూ తొడల లోపలి వైపు తడిసిపోతుంది, ఘాటు వాసన కొడుతుంది. పురుషాంగం ఆకుపచ్చగా మారుతుంది. కెన్యాలోని అంబోసెలి పార్కులో ఏనుగుల మీద పరిశోధన చేసిన జాయిస్ పూల్, సింథియా మాస్ మొదట దీన్ని జబ్బేమో అనుకున్నారు. ఆఫ్రికా ఏనుగుకూ మదం వస్తుందని 1981లో ప్రచురించారు.

ఆసియా ఏనుగుల్లో వాసనే వయసు చెబుతుంది. కుర్రదాని మదజలం తేనెలా తియ్యగా ఉంటుంది, ముదురుదాని కంపు భరించలేం. 'నేనింకా పోటీకి రాలేదు' అని పెద్దవాటికి చెప్పుకుని దెబ్బలు తప్పించుకునే ఉపాయం ఇదని పరిశోధకుల అంచనా.

కుర్రవాటికి మదం కొన్ని రోజులో వారాలో ఉంటుంది. బాగా ఎదిగినవాటికి నెలల తరబడి సాగుతుంది. ఒంట్లో కొవ్వు కరిగిపోతే అదే దిగుతుంది. బక్కచిక్కిన ఏనుగుకు అసలు రాదు. ఇది కాక ఇంకో పగ్గం ఉంది. పెద్ద మదపుటేనుగు ఎదురుపడి తరిమితే కుర్రదాని మదం ఒక్కోసారి గంటల్లోనే ఆగిపోతుంది.

ఆ పగ్గం లేకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికా అభయారణ్యం పిలానెస్‌బర్గ్‌లో తెలిసింది. అదే దేశంలోని క్రూగర్ పార్కులో ఏనుగుల సంఖ్య తగ్గించడానికి పెద్దవాటిని చంపి, అనాథలైన పిల్లల్ని అక్కడికి తెచ్చారు. పెద్దవాటిని తరలించే సాధనాలు అప్పటికి లేవు. ఆ మగపిల్లలకు 25 దాటాక రావాల్సిన మదం 18 ఏళ్ళకే వచ్చింది, నెలల పాటు దిగలేదు. 1992, 1997 మధ్య అవి 40కి పైగా తెల్ల ఖడ్గమృగాలను చంపేశాయి. ఆ కుర్ర ఏనుగుల్లో కొన్నిటిని కాల్చేసినా సమస్య తీరలేదు. చివరికి 1998లో క్రూగర్ నుంచి ఆరు పెద్ద మగ ఏనుగుల్ని తెచ్చి వదిలారు. కుర్రవాటి మదం కుదించుకుపోయింది, ఖడ్గమృగాల చావులూ ఆగాయి.