పడుకుంటే 142, నిలబడితే 114

మంచం అంచున కూర్చుని ఉన్న నాన్నను చూసి, పలకరించడానికి వచ్చిన పెద్దమనిషి మధ్యాహ్నం అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "చెయ్యి ఆడుతోంది, మాట వచ్చింది, ఇంకా లేవకపోవడం బద్ధకం కాక మరేమిటి?" నాన్న నవ్వి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. అదే గుచ్చుతోంది.

పక్షవాతం అనగానే అందరూ కాలూ చెయ్యీ చూస్తారు. గుండె వేగం, రక్తపోటు, చెమట, మూత్రం, పేగుల కదలిక వంటి మనం తలవకుండానే జరిగే పనులను నడిపే స్వయంచోదిత నాడీవ్యవస్థకు పగ్గాలు మెదడులోని ఇన్సులా, హైపోథాలమస్, మెదడు కాండం వంటి చోట్ల ఉంటాయి గనుక, అక్కడ దెబ్బ తగిలితే అవీ గాడి తప్పుతాయి. నాన్న ఎడమ అరచెయ్యి కుడిదానికంటే చల్లగా ఉండటం, మలబద్ధకం, మూత్రం ఆపుకోలేక ఆయన పడే సిగ్గు వచ్చినవారికి కనబడవు. కనబడనిదానికి బద్ధకమని పేరు.

ఇంతవరకు రాసి ఆగాను. ఆ పెద్దమనిషిని అనడానికి నాకేం హక్కుంది? ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో వారంలో ఒక ఉదయం నాన్నను గబుక్కున లేపి నిలబెట్టాను. ఒక్క అడుగు వేశారో లేదో ముఖం పాలిపోయింది, నుదుట చెమట పట్టింది, "చీకట్లు కమ్ముతున్నాయిరా" అంటూ నా భుజం మీదికి ఒరిగారు. "కాస్త ప్రయత్నించండి నాన్నా, అన్నిటికీ కూలబడితే ఎలా?" అని విసుక్కున్నది నేనే. నిలబడగానే రక్తం కాళ్లలోకి దిగుతుంది. రక్తనాళాలు వెంటనే బిగుసుకుని, గుండె వేగం పెరిగి దాన్ని సరిదిద్దాలి. ఆ సాయంత్రం ఫిజియోథెరపిస్టు కొలిస్తే పై రక్తపోటు పడుకున్నప్పుడు 142, నిలబడ్డాక 3 నిమిషాల లోపే 114. 20 తగ్గితేనే లెక్కలోకి వస్తుందట, ఇక్కడ 28. నేరమంతా నరాలదే అనీ అనలేను. బీపీ మాత్రలు, రోజుల తరబడి పడక కూడా అలా చేస్తాయని చెప్పి డాక్టరు మాత్ర వేళ మార్చారు.

మొదట రాయవలసింది చివరికి మిగిలింది: ఈ రోజు నాన్న స్నానాలగది దాకా చేతికర్రతో తనే నడిచారు. ఇప్పుడు లేచే ముందు కాళ్లు కిందికి వేలాడదీసి, మడమలు ఆడిస్తూ, 100 దాకా లెక్కపెట్టుకుంటారు. ఆ పెద్దమనిషి వచ్చేసరికి 80 దగ్గర ఉన్నారట. ఆయన మాటలకు లెక్క తప్పి, మళ్లీ 1 నుంచి మొదలుపెట్టారట.