ముప్పయ్యో రోజు

అటక సర్దుతుంటే బర్మింగ్‌హామ్ రోజుల నాటి డైరీ ఒకటి దొరికింది. పేజీల నిండా ‘ముప్పయ్యో రోజు’ అని ఎర్ర పెన్ను గుర్తులే!

అప్పుడు నేను సర్జరీ ట్రైనీని. ఆర్నెల్లకో ఏడాదికో ఆసుపత్రి మారే బతుకు. మొదలుపెట్టిన ఆడిట్ (చికిత్స ఎలా సాగుతోందో లెక్కతీసే పని) ఏదీ తెమిలేది కాదు, పెట్టె సర్దేసరికి అదీ మూలపడేది. వెస్ట్ మిడ్‌లాండ్స్ రీసెర్చ్ కొలాబరేటివ్ అనే పరిశోధన బృందంలో ట్రైనీలు ఈ తిరుగుడునే పెట్టుబడి చేసుకున్నారు. నువ్వు వదిలేసి వెళ్తే నీ తర్వాత వచ్చేవాళ్ళు అందుకుంటారు. రోసిని ట్రయల్ అలా నడిచిందే. 21 ఆసుపత్రులు, 760 మంది రోగులు. పొట్ట కోసినప్పుడు గాయం అంచులకు ప్లాస్టిక్ రింగు తొడిగితే ఇన్ఫెక్షన్ తగ్గుతుందా అన్నది ప్రశ్న.

ఆపరేషన్ అయిన ముప్పయ్యో రోజున గాయం చూడాలి. మొగ్గు లేకుండా ఉండాలని, రింగు వేసిందీ లేనిదీ తెలిసినవాళ్ళు చూడకూడదు. ఓసారి చూడాల్సిన అమ్మాయి నైట్ డ్యూటీ చేసి ఆదమరిచి నిద్రపోయింది. ఫోన్ మీద ఫోన్ కొడుతున్నాను. ఈలోగా పెద్దాయన చొక్కా పైకెత్తి, “కోసింది మీరే కదా, మీరే చూసేయొచ్చుగా డాక్టర్?” అన్నాడు. చూపు కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నా, ఏం చెయ్యను!

2013లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. రింగు వేసినవాళ్ళలో ఇన్ఫెక్షన్ 24.7 శాతం, వేయనివాళ్ళలో 25.4. తేడా లేనట్టే.

“ఇంత తిరిగింది ఇందుకా?” అన్నారు నాన్న ఫోన్‌లో.

ఇందుకే నాన్నా. ఆ వారం నుంచి ఆపరేషన్ థియేటర్‌లో నేను రింగు అడగలేదు.