కాలని దారం

చిన్నప్పుడు మా నాయన ఇంటికి తెచ్చిన వాటిలో నాకు బాగా ఇష్టమైంది ఒక తెల్లతాడు ముక్క. బొటనవేలంత లావు, జానెడు పొడుగు. విప్పితే పోగులు పోగులుగా ఊడివచ్చేది, వేళ్ల మధ్య నలిపితే దూదిలా మెత్తగా అయ్యేది. కిరసనాయిలు దీపం మంటలో పెడితే ఎర్రబడేదేగానీ కాలేది కాదు. నాలుగో తరగతిలో ఉండగా దాన్ని బడికి తీసుకుపోయి, అగ్గిపుల్ల గీసి, మా క్లాసు పిల్లలందరికీ చూపించాను. ‘కాలని దారం’ అని దానికి పేరు కూడా పెట్టుకున్నాం. తలా ఒక పోగు పంచాను.

ఆ పోగులు అందుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో, ఎలా ఉన్నారో అని మూడేళ్లుగా తలుచుకోని రోజు లేదు.

నాయన రైసు మిల్లుల్లో బాయిలరు పైపులకు లాగింగ్ పని చేసేవాడు. మా నెల్లూరులో ఉప్పుడు బియ్యం మిల్లులు ఎన్నో ఉండేవి. వడ్లు ఉడకబెట్టడానికి ఆవిరి కావాలి, ఆ ఆవిరి పోయే పైపుల వేడి బయటికి పోకుండా తాడు చుట్టాలి. తాడు మీద, బస్తాల్లో వచ్చే పొడిని నీళ్లు పోసి పిసికి, గోడకు మెత్తినట్టు చేత్తోనే మెత్తేవాళ్లు. ఒక మేస్త్రీ కింద పని. సీజన్ లేనప్పుడు అదే మేస్త్రీ చక్కెర ఫ్యాక్టరీలకు కూడా తీసుకుపోయేవాడు. ఆ తాడూ, ఆ పొడీ ఆస్బెస్టాస్. తెలుగులో రాతినార అంటారు. నిజంగా రాయే, నారలా చీలుతుంది.

అమ్మ మిల్లు కళ్లంలో వడ్లు ఎండబోసే పనికి పోయేది. పెద్దదాన్ని నేనే కాబట్టి బట్టలు ఉతికే పని నాది. పదేళ్ల వయసులో, అంటే 1978లో మొదలుపెట్టి, పెళ్లయి వెళ్లేదాకా పదేళ్లు ఉతికాను. నాయన ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు మిగతా బట్టలతో కలిపి నానబెడితే నీళ్లన్నీ తెల్లగా, జిడ్డుగా అయిపోయేవి. అందుకని ముందు దొడ్లోకి తీసుకుపోయి, కాలర్ పట్టుకుని ఫటఫటా దులిపేదాన్ని. సాయంత్రం ఎండ వేపచెట్టు సందుల్లోంచి పడే వేళ, ఆ ఎండలో సన్నటి నూగు తళుక్కుమంటూ పైకి లేచేది. చూడటానికి బాగుండేది. దగ్గు వచ్చేది కాదు, కళ్లు మండేవి కాదు. జేబులు తిరగేసి కూడా దులిపేదాన్ని. జేబుల్లో ఎక్కువ ఉండేది.

2022 జూలైలో బడులు తెరిచాక నాకు ఆయాసం మొదలైంది. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. బోర్డు మీద రెండు లైన్లు రాసి ఆగాల్సి వచ్చేది. కుడిపక్క డొక్కలో, వీపు దాకా ఒక బరువైన నొప్పి. స్టాఫ్ రూంలో సగం మంది కరోనా తాలూకు నీరసం అన్నారు, సగం మంది సుద్దముక్కల దుమ్ము అన్నారు. నెల్లూరు పొగతోటలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, కుడి ఊపిరితిత్తి చుట్టూ పొరలో నీరు చేరిందన్నారు. దిండు మీద తల వాల్చి కూర్చోబెట్టి, వీపులోంచి సూది పెట్టి లీటరు పైన తీశారు. ఎర్రమట్టి కలిసిన వాననీళ్ల రంగు. తీసిన రాత్రి హాయిగా వెల్లకిలా పడుకున్నాను, నెల రోజుల తర్వాత.

నీటి పరీక్షలో టీబీ ఉంటే పెరిగే ఏడీఏ అనే ఎంజైము కొంచెం ఎక్కువుంది, టీబీ అయి ఉంటుందని మందులు మొదలుపెట్టారు. డాక్టర్ని తప్పు పట్టను. మన దేశంలో పొరలో నీరు అంటే ముందు టీబీనే అనుకుంటారు, చాలాసార్లు అదే అవుతుంది కూడా. మాత్రలకు మూత్రం నారింజ రంగులో వచ్చేది. బరువు తగ్గుతూనే ఉన్నాను, నీరు మళ్లీ మళ్లీ చేరుతూనే ఉంది. నాలుగోసారి సూది పెట్టించుకుని వచ్చిన రోజు మా ఆయన ఇక ఆగలేదు. పినాకిని రైల్లో చెన్నై తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ ఫైలు తెరవలేదు. తెలుగులోనే, ‘ఏం పని చేస్తారమ్మా?’ అన్నారు. టీచరునన్నాను. అంతకు ముందు? ఏమీ లేదు. మీ వారు? బ్యాంకు. మీ నాన్నగారు? మిల్లు పని. మిల్లులో ఏం పని? అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పైపులకు తాడు చుట్టేవాడు అని చెప్పగానే ఆమె పెన్ను పక్కన పెట్టారు. ‘ఏం తాడో ఇప్పుడే కనుక్కోండి.’

వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. నాయనకు అప్పటికి ఎనభై దాటాయి. ‘ఆస్బెస్టాస్ తాడు పాపా, మంచి సరుకు’ అన్నాడు. పాతపని గురించి కూతురు అడిగిందని సంబరంగా, ఎన్ని చుట్లు చుడతారో, ఎంత మందం పొడి మెత్తుతారో చెప్పుకుపోయాడు. నేను ఊ కొడుతూ నిలబడ్డాను.

పక్కటెముకల మధ్య చిన్న కన్నం పెట్టి, కెమెరా లోపలికి పంపి, పొర ముక్క తీశారు. పొర నిండా చిన్న చిన్న గుండ్లు ఉన్నాయట. ఆ ముక్క మీద ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేశాకే పేరు తేలింది. మెసోథీలియోమా, అంటే ఊపిరితిత్తి పొరకు వచ్చే క్యాన్సర్, అందులో ఎపిథీలియాయిడ్ రకం. మిగతా రెండు రకాలకన్నా ఇది కాస్త మాట వింటుంది అని డాక్టరమ్మ అన్నారు. నయమవుతుంది అని మాత్రం అనలేదు. కీమో తీసుకున్నవాళ్లలోనూ సగం మంది ఏడాది, ఏడాదిన్నర దాటరని నేను పట్టుబట్టి అడిగితే చెప్పారు. దాచకుండా చెప్పినందుకు ఆమెకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

నాకు అర్థమైన మేరకు చెబుతాను. వేరుశనగ గింజకు పల్చటి పొట్టు ఉన్నట్టు ఊపిరితిత్తికి ఒక పొర ఉంటుంది. దాని మీద ఛాతీ గోడకు అంటుకుని ఇంకో పొర. రెండింటి మధ్య చెంచాడంత నీరు, ఊపిరి పీల్చినప్పుడు ఒరుసుకోకుండా. రాతినార పోగులు కంటికి కనబడనంత సన్నవి, ఊపిరితో లోపలి దాకా పోయి ఆ పొర దగ్గర గుచ్చుకుంటాయి. ఒంట్లో చెత్తను మింగే కణాలు వాటిని మింగబోయి, మింగలేక చచ్చిపోతాయి. పోగు మాత్రం అరగదు, కరగదు. ఆ ఒరిపిడి, ఆ వాపు ఏళ్ల తరబడి సాగి సాగి, ఇరవై ఏళ్లకో నలభై ఏళ్లకో పొర కణాలు దారి తప్పుతాయి. పొగతాగడానికీ దీనికీ సంబంధం లేదు. కానీ రాతినార పీల్చినవాళ్లు పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. మా నాయన బీడీ ముట్టలేదు, అదొక్కటే అదృష్టం.

మా అబ్బాయి ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని ఇవన్నీ చదివేవాడు. ఒకరోజు చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. ఏందిరా అన్నాను. ఈ జబ్బుకూ రాతినారకూ ఉన్న లంకెను దక్షిణాఫ్రికా డాక్టర్లు 1960లోనే 33 మంది రోగులను చూసి రాశారట. గనుల్లో పని చేయకుండా ఆ చుట్టుపక్కల పెరిగినవాళ్లూ అందులో ఉన్నారు. 1965లో లండన్‌లో ఇంకో పరిశీలన వచ్చింది. రోగుల్లో కొందరు ఏ ఫ్యాక్టరీ గడపా తొక్కని ఆడవాళ్లు. భర్తల పని బట్టలు ఉతికినవాళ్లు.

1965కి నేనింకా పుట్టలేదు. నేను దొడ్లో నిలబడి చొక్కా దులపడం మొదలుపెట్టేనాటికి ఆ సంగతి అచ్చయి పదమూడేళ్లు. క్యాన్సర్ అని విన్నప్పుడు ఏడవలేదుగానీ, ఈ లెక్క చూసుకున్నాక ఆ రాత్రంతా ఏడ్చాను. బట్టలు మిల్లులోనే మార్చుకుని రావాలనీ, దులపకుండా తడిపి విడిగా ఉతకాలనీ ఒక్క మాట ఎవరైనా మా నాయనకు చెప్పి ఉంటే సరిపోయేది. ఖర్చు లేని మాట.

2023 జనవరిలో కీమో మొదలైంది. పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్, ఇరవై ఒక్క రోజులకొకసారి, మొత్తం ఆరు. వారం ముందు నుంచే రోజూ ఫోలిక్ యాసిడ్ మాత్ర, తొమ్మిది వారాలకొకసారి బీ12 ఇంజెక్షన్. ఇవి మామూలు విటమిన్లే కదా అని ఎవరూ మానకూడదు, మానితే మందు దెబ్బకు రక్తకణాలు పడిపోతాయి. నీరు మళ్లీ చేరకుండా రెండు పొరలూ అతుక్కునేలా లోపల ఒక పొడి చల్లారు. ఆ రెండు రోజుల మంట గుర్తు చేసుకోవాలని లేదు. చేపల పులుసు వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. నెల్లూరు మనిషికి అదొక శిక్ష. నాలుగు నెలలు వంటింట్లో ఆ పులుసు కాగలేదు. నాలుగో కీమో తర్వాత చెవుల్లో గుయ్యిమనే మోత మొదలైతే సిస్‌ప్లాటిన్ ఆపి కార్బోప్లాటిన్ ఇచ్చారు. మోత కొంచెం ఇప్పటికీ ఉంది.

నాయనకు జబ్బు పేరు చెప్పలేదు. ‘నెమ్ము, పెద్ద డాక్టర్లు చూస్తున్నారు’ అన్నాం. మూడో కీమో అయి ఇంట్లో పడుకుని ఉన్నాను. మా ఆయన మందులకు వెళ్లాడు. నాయన కుర్చీ నా మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు నా కాళ్ల మీద దుప్పటి సర్దుతూ ఉండి, ‘ఆ బట్టలేనా పాపా?’ అన్నాడు.

‘ఏ బట్టలు నాయనా?’ అన్నాను.

‘నువ్వు దులిపేదానివి. నేను నులకమంచం మీద కూర్చోని కాఫీ తాగతా చూస్తా ఉండేవాణ్ణి.’

నేనేమీ అనలేకపోయాను. నువ్వు బియ్యం తెచ్చావు, నన్ను టీచర్ ట్రైనింగ్ దాకా చదివించావు, ఆ చొక్కా చెమటతోనే అని తర్వాత ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు మాత్రం చెయ్యి పట్టుకుని ఉన్నాను, అంతే. తర్వాత ఆయన్ను కూడా చెన్నై తీసుకుపోయి స్కాన్ తీయించాం. రెండు వైపులా పొర మీద సున్నపు మచ్చలు ఉన్నాయి. క్యాన్సర్ లేదు. ఇన్నాళ్లూ ముసలితనపు ఆయాసం అనుకున్నది కూడా వయసు వల్ల వచ్చింది కాదు, రాతినార వల్ల.

2023 మే చివర ఆరో కీమో అయింది. జూన్ స్కాన్‌లో గుండ్లు చిన్నవయ్యాయి, నీరు లేదు. జూలైలో రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర నడుముల్లోతు నీళ్లలో, జనం మధ్య మా ఆయన భుజం పట్టుకుని నిలబడి ఆరోగ్యం రొట్టె పట్టుకున్నాను. మరుసటి ఏడు వెళ్లి, ఆనవాయితీ ప్రకారం ఆరోగ్యం రొట్టె ఒక చిన్నపిల్ల తల్లికి ఇచ్చాను.

బలం ఒక్కసారిగా రాలేదు. మూడు బంతుల ఊపిరి బొమ్మ ఒకటి ఇచ్చారు, పీలిస్తే బంతులు లేవాలి. మొదటి వారాల్లో ఒక్క బంతి కదిలేది. నా అసలు పరీక్ష మాత్రం ఎక్కాలు. పదమూడో ఎక్కం ఒక్క ఊపిరిలో ఎంతదాకా చెప్పగలనో రోజూ పొద్దున చూసుకునేదాన్ని. పదమూడు మూళ్లు దగ్గర ఆగిపోయేదాన్ని. నవంబరులో బడికి తిరిగి వెళ్లేనాటికి పదమూడు ఎనిమిళ్లు దాకా వచ్చాను. ఇప్పుడు పూర్తిగా చెబుతాను, పిల్లలు వెనకాలే అంటారు. మూడు నెలలకొక స్కాన్, ఈ మధ్య నాలుగు నెలలకు పెంచారు. జబ్బు పోలేదు, అణిగి ఉంది. ఒక్కో స్కాన్ ముందు వారం రోజులు టెన్షన్ తప్పదు.

రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లు ఇది చదివి కంగారు పడొద్దు. రాతినార కలిపి చేసిన సిమెంటు రేకు పైకప్పు మీద గట్టిగా ఉంటే పోగులు పెద్దగా రావు. దాన్ని కోసినప్పుడు, కన్నాలు వేసినప్పుడు, తుఫానుకు పగిలిన ముక్కలు పొడిపొడిగా ఊడ్చినప్పుడు వస్తాయి. మొన్న మా వీధిలో ఒక కుర్రాడు కటింగ్ మెషిన్‌తో రేకు కోస్తున్నాడు, తలా మొహమా తెల్లగా అయిపోయి. పక్కనే ఇసుకలో వాళ్ల పాప. పరుగున వెళ్లి మెషిన్ ఆపించాను. నీళ్లు చల్లి చేతి రంపంతో కోయించాను, ఎన్95 మాస్కు ఇచ్చాను, చొక్కా ఇక్కడే తడిపి తీసుకుపొమ్మన్నాను. ‘మేడం, రోజూ ఇదే పని’ అన్నాడు.

రోజూ ఇదే పని అంటే నా గుండె జారిపోయింది. 60కి పైగా దేశాలు రాతినారను నిషేధించాయి, అమెరికా కూడా అప్పటికి వాడకంలో మిగిలిన ఒక్క రకం మీద 2024లో నిషేధం ప్రకటించింది. మా పక్క జిల్లా కడపలో, పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార గనులుండేవి. మన దగ్గర తవ్వడం ఆగినా, రష్యా నుంచీ మరికొన్ని దేశాల నుంచీ తెప్పించి రేకులు చేస్తూనే ఉన్నాం. ఈ పనివాళ్ల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్లు దాచిపెట్టాలని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. మా నాయనకు దాచడానికి రికార్డే లేదు, హాజరు పుస్తకంలో పేరే లేదు. పని వల్ల వచ్చే జబ్బుల చట్టం జాబితాలో మెసోథీలియోమా ఉంది, అది పనివాడికి. పనివాడి బట్టలు ఉతికిన కూతురికి అందులో చోటు లేదు. చోటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను, అడుగుతూనే ఉంటాను.

పోయిన సంక్రాంతికి అటక శుభ్రం చేయిస్తుంటే నాయన పనిముట్ల రేకుడబ్బా దొరికింది. అందులో అడుగున చుట్టగా ఆ తాడు, ఇంకా తెల్లగానే ఉంది. నాయన నన్ను గదిలోకి పంపి తలుపు వేయించాడు. తను మాస్కు పెట్టుకుని, చెంబుతో నీళ్లు పోసి బాగా తడిపి, డబ్బాతో సహా మందపాటి కవరులో పెట్టి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, టేపు చుట్టాడు. చుట్టడం మాత్రం ఆ చేతులకు బాగా వచ్చు. చెత్తబండికి ఇవ్వకూడదు, పూడ్చకూడదు, కాల్చినా కాలదు. ఎక్కడ ఇవ్వాలో అడిగి తెలుసుకునే పనిలో ఉన్నాను. అప్పటిదాకా అది మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక ఉంది. పైన నాయన తన వణుకు చేతిరాతతో ‘తెరవొద్దు’ అని రాశాడు.