జాకెట్లు కుట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, ఆది చూడటం రావాలి

ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టాలంటే ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఏ పరీక్షా రాయక్కర్లేదు, ఏ సర్టిఫికెట్టూ చూపించక్కర్లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉచితం. తప్పనిసరి కాదు గానీ బ్యాంకు లోనుకు పనికొస్తుంది. కుట్టుకూలి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ జోలికి వెళ్లనక్కర్లేదు. వీధిలో షాపు తీసుకుని బోర్డు పెడితే మాత్రం ట్రేడ్ లైసెన్సు, లేబర్ డిపార్ట్‌మెంటులో షాపు రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 దాకా వోచరు ఇస్తారు. కాగితాల సంగతి అంతే.

అడ్డు చెప్పేవాళ్లు లేరు కాబట్టే, చెయ్యి కుదరకముందే పట్టుబట్ట మీద కత్తెర పెట్టేస్తున్నారు. ముందు పది పన్నెండు జాకెట్లు టూబైటూ గుడ్డ (మామూలు కాటన్ జాకెట్ గుడ్డ) మీద, ఇంట్లోవాళ్లకే కుట్టండి. వాళ్లు వేసుకుని రెండు పూటలు పనిచేశాక ఎక్కడ పట్టేస్తోందో చెప్పించుకోండి.

కొత్తవాళ్ల జాకెట్లు ఎక్కువగా చెడేది ఆది (కొలత కోసం ఇచ్చే పాత జాకెట్) దగ్గరే. ఆది జాకెట్ చేతికి రాగానే హుక్కులు పెట్టి బల్ల మీద పరిచి, చంక కింద ఈ పక్క కుట్టు నుంచి ఆ పక్క కుట్టు దాకా కొలవాలి. 18 అంగుళాలు వస్తే చుట్టు 36. ఇప్పుడు లోపలికి తిప్పి చూడండి. పక్క కుట్లు మూడు నాలుగు వరసలు కనిపిస్తాయి, వాటిలో ఒకటి రెండు విప్పేసి ఉండొచ్చు. కుట్టు విప్పిన చారలు కనిపిస్తున్నాయంటే మనిషి ఈమధ్య ఒళ్లు చేసినట్టే. "అక్కా, ఇది ఇప్పుడు సరిపోతోందా? భుజం జారుతోందా? చెయ్యి పట్టేస్తోందా?" అని అడిగి జవాబు చీటీ మీద రాయండి. ఆ తర్వాత టేపుతో ఒంటి మీద ఛాతీ, నడుము, చేతి చుట్టు కొలవండి. ఆది ఛాతీ ఒంటి కొలత కన్నా ఒకటి, ఒకటిన్నర అంగుళం పెద్దగా ఉంటే ఆదిని నమ్మొచ్చు. అంతకు మించి తేడా ఉంటే ఒంటి కొలతకే కట్ చేయాలి. ఒంటి కొలతకు లూజు (వదులు) కలపాలి, ఆది కొలతకు కలపకూడదు, దాంట్లో లూజు అప్పటికే ఉంటుంది. ఈ రెండూ కలగాపులగం చేయబట్టే జాకెట్ సంచిలా వస్తుంది. ఇంకోటి, పాత కాటన్ ఆది సాగి ఉంటుంది, పట్టు సాగదు.

36 ఆదికి వెనక ముక్క మడత నుంచి 9 అంగుళాలు (36లో నాలుగో వంతు), పక్కన కుట్టుకు ఒకటిన్నర మార్జిన్, మొత్తం పదిన్నర. ముందు ముక్క చంక వంపు వెనకదాని కన్నా అర అంగుళం లోపలికి తీయాలి, లేకపోతే చంక ముందు ముడత నిలుస్తుంది. చెయ్యి పట్టేస్తోందని చెప్పగానే చాలామంది చంకను ఇంకా కిందికి కోసేస్తారు. దాంతో బిగుతు పోదు, చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్ మొత్తం పైకి లేస్తుంది. పెంచాల్సింది చేతి ముక్క వెడల్పు. వెనక మెడ 7 అంగుళాలు దాటి దిగితే షోల్డర్ అర అంగుళం తగ్గించండి. తాళ్లు కట్టినంత మాత్రాన భుజం ఆగదు.

లైనింగ్ తెచ్చిన రోజే మూడు గంటలు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. తడపని లైనింగ్ మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి పైబట్టను ముడతలు లాగుతుంది. మెరూన్, ఎరుపు లైనింగులను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే లేత రంగు పట్టుకు వాడొద్దు.

పట్టుకు, జార్జెట్‌కు 11 నంబరు సూది, కాటన్‌కు 14. మామూలు ఇంటి మిషన్ సూదికి ఒక పక్క చదునుగా ఉంటుంది, పవర్ మిషన్‌ది గుండ్రం. ఒకదాని సూది ఇంకోదానికి పనికిరాదు. కింది దారం పైకి కనిపిస్తే పై టెన్షన్ (పై దారం బిగుతు) వదులు చేయాలి. అడుగున ఉచ్చులు పడితే పై దారం మళ్లీ మొదటి నుంచి ఎక్కించి చూడండి, టెన్షన్ చక్రాల మధ్య సరిగ్గా కూర్చుని ఉండదు. మిషన్‌కు కొబ్బరినూనె వేస్తే గడ్డకట్టి షటిల్ (కింది దారం ఉండే భాగం) పట్టేస్తుంది, మిషన్ ఆయిలే వేయాలి. వేశాక పాతగుడ్డ మీద నాలుగు గజాలు ఉత్తుత్తినే కుట్టి, నూనె మరక పడటం లేదని చూశాకే పట్టు ముట్టుకోవాలి.

లైసెన్స్ లేదంటే బాధ్యత లేదని కాదు. కూలి తీసుకుని చేసే పని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుంది, బట్ట పాడైతే ఫిర్యాదు చేసే హక్కు వాళ్లకుంది. అందుకే బట్టను వాళ్ల ముందే విప్పి, పొడవు కొలిచి, మరకలు, పోగు లేచిన చోట్లు చూపించి చీటీ మీద రాయండి. 80 సెంటీమీటర్ల ముక్కలో పెద్ద సైజుకు మోచేతుల దాకా చేతులు కావాలంటే అతుకు పడొచ్చు. ఆ మాట కత్తెర పెట్టకముందే చెప్పి, ఒప్పుకున్నారని చీటీలో రాసుకోండి. చీటీకి ఆ బట్ట అంచు ముక్క ఒకటి పిన్ను పెడితే శ్రావణమాసం రద్దీలో ఒకరి జాకెట్ ఇంకొకరి కొలతకు కట్ చేసే ప్రమాదం తప్పుతుంది.