ఉదయగిరి కొండ మీద స్ట్రెచర్ మోసిన రోజు

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే కూడా తెగింది. మా చెల్లెలు వాళ్లు అప్పుడు కోవూరులో ఉన్నారు. ఉదయగిరిలో కూర్చుని ఫోన్ చేయడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. బోట్లు వచ్చేలోపు వీధి కుర్రాళ్లే తాడు పట్టుకుని ముసలివాళ్లను డాబాల మీదికి చేర్చారని తను చెప్పింది. అందుకే, విపత్తుల్లో జనానికి సాయపడే వలంటీర్లను తయారుచేసే ఆపద మిత్ర శిక్షణకు పేర్లు రాసుకుంటున్నారని తెలియగానే వెళ్లి ఇచ్చేశాను. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం మాత్రం మూడుసార్లు తిరిగాను.

శిక్షణ 12 రోజులు. నన్ను ఏడిపించింది తాడే. మేకను గుంజకు కట్టే ముడి చిన్నప్పటి నుంచీ వచ్చు, అదే వేశాను. మాస్టారు దాన్ని నా నడుముకే తగిలించి లాగారు. ఊపిరాడలేదు. "లాగేకొద్దీ బిగిసే ముడి మనిషికి వేయకూడదు అబ్బయ్యా" అన్నారు. బౌలైన్ ముడి సరిగ్గా వేస్తే, ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు. రాత్రి కరెంటు లేకపోయినా వేయగలిగేదాకా మంచం కోడుకు కట్టి విప్పుతూనే ఉన్నాను.

ఇంగ్లండులో కొండల్లో చిక్కుకున్నవాళ్లను దించేది జీతం లేని వలంటీర్లేననీ, 2015 డిసెంబరులో అక్కడి కంబ్రియా ప్రాంతాన్ని వరద ముంచితే ఆ కొండ దళాలే ఇళ్లలోకి దిగి జనాన్ని బయటికి తెచ్చాయనీ ఆయనే చెప్పారు. కొండకైనా వరదకైనా తాడూ స్ట్రెచరూ ఒకటే కదా. మాకు కొండ ఇంటి వెనకే ఉంది. ఆదివారాలు మేం ఎనిమిది మందిమి పైకెక్కి సాధన చేశాం.

ఒకరోజు నన్నే స్ట్రెచర్‌లో కట్టారు. చేయి కదలదు. కనిపించేది ఆకాశం, తల దగ్గర మోసేవాడి గడ్డం, దాని మీంచి జారే చెమట. ఎవరి కాలు రాయి మీద జారినా నా కడుపులో దిగేది. "ఇప్పుడు మెట్టు, ఇప్పుడు వంపు" అని ఎవరైనా చెబితే ఎంత ధైర్యంగా ఉండేదో!

పోయిన వానాకాలం కోట చూడ్డానికొచ్చిన కుర్రాడికి కాలు విరిగింది. వెదురుబద్ద, తువ్వాలుతో కాలు కదలకుండా కట్టి, వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకుని ఎత్తాం. తల కొండవైపు, కాళ్లు పల్లంవైపు. నేను తల దగ్గర నిలబడి, కింద 108 కనిపించేదాకా ప్రతి మెట్టూ వాడికి చెబుతూనే దిగాను.